ఏడ్పు వెనుక కారణము వెదకిన శాస్త్రజ్ఞుడు: బి. ఎఫ్. స్కిన్నర్

పసిబిడ్డ నిదురపోనిచో ఇల్లంతయు మేలుకొనవలసినదే. పగలంతయు పనిచేసి అలసిన తల్లి మరల లేచి బిడ్డను భుజాన వేసికొనును. తండ్రి విసుగుకొనును. పెద్దలు దిష్టి తీయుమందురు. ఇరుగుపొరుగువారు గారాబము ఎక్కువైనదందురు. బిడ్డ మొండిదని ఒకరు, తల్లి చేతకానిదని ఒకరు నింద మోపుదురు. ఈ నిందలలో ఏదియు బిడ్డను నిదురపుచ్చదు. ఏడ్పునకు ముందు ఏమున్నది, ఏడ్చిన వెంటనే ఏమి జరుగుచున్నది అని ఓపికతో పరిశీలించుటయే మార్గమని చెప్పిన శాస్త్రము ఇరువదవ శతాబ్దమున పుట్టినది. దానికి ప్రవర్తనా విశ్లేషణమని పేరు. దాని మూలపురుషుడు అమెరికా దేశీయుడైన బర్రస్ ఫ్రెడరిక్ స్కిన్నర్. ఆతడు శిశువైద్యుడు కాడు. ఎలుకలతోను, పావురములతోను ప్రయోగశాలలో జీవితము గడిపినవాడు. ఐనను నేడు పిల్లల నిద్రలేమికి జరుగుచున్న చికిత్సలలో ముఖ్యమైనవి ఆతడు కనుగొన్న సూత్రములపై ఆధారపడియున్నవి.

స్కిన్నర్ 1904వ సంవత్సరము మార్చి 20వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని సస్క్విహానా అను చిన్న పట్టణమున జన్మించినాడు. అది రైలుమార్గము నాశ్రయించి బ్రతికెడి ఊరు. తండ్రి న్యాయవాది. తల్లి ఇంటిని, బిడ్డలను క్రమశిక్షణలో నుంచిన గృహిణి. బాలుని చేతికి ఎప్పుడును ఏదో ఒక పని ఉండెడిది. బండ్లు, తెప్పలు, గాలిపటములు చేసికొనెడివాడు. ఇంటి కప్పుల మీదుగా బంగాళాదుంప ముక్కలను విసరెడి ఆవిరి ఫిరంగిని గూడ కట్టినాడు. ఆతని చిన్ననాటి యంత్రములలో ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. నిదురలేచిన పిదప రాత్రి దుస్తులను కొక్కెమునకు తగిలింపక వదలివేయుట ఆతని అలవాటు. అందులకు తల్లి మందలించుట నిత్యకృత్యము. బాలుడు కొక్కెమునకు ఒక త్రాడు కట్టి గది వాకిటిలో ఒక పలకను వ్రేలాడదీసినాడు. దుస్తులు కొక్కెమున లేనంతకాలము ఆ పలక దారికి అడ్డముగా కనిపించి గుర్తుచేయును. వానిని తగిలించిన వెంటనే పైకి లేచిపోవును. మందలింపునకు బదులుగా పరిసరమును మార్చినచో అలవాటు తానే మారునను భావము ఆ బాలచేష్టలోనే బీజప్రాయముగా నున్నది.

ఆతని మొదటి కోరిక రచయిత కావలెనని. హామిల్టన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చదివి 1926లో పట్టము పొందినాడు. తాను చదువుకొనుచున్న రోజులలోనే పదునారేండ్ల తమ్ముడు అకస్మాత్తుగా మరణించుట ఆ కుటుంబమునకు తీరని దుఃఖమైనది. ఆతని కథలను చూచిన మహాకవి రాబర్ట్ ఫ్రాస్ట్ ప్రోత్సాహకరముగా ఉత్తరము వ్రాసినాడు. ఆ ధైర్యముతో స్కిన్నర్ తల్లిదండ్రుల ఇంటి మేడపై ఒక గది నమర్చుకొని ఒక సంవత్సరము రచనకే కేటాయించినాడు. కాని కాగితములు ఖాళీగానే మిగిలినవి. చెప్పవలసిన విషయము తనకడ లేదని ఆతడు గ్రహించినాడు. మనుష్యుల నడవడిని వర్ణించుటకంటె దాని కారణములను తెలిసికొనుట తనకు ప్రియమని ఆ నిష్ఫల సంవత్సరమే ఆతనికి బోధించినది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, అమెరికా శాస్త్రజ్ఞుడు వాట్సన్ రచించిన గ్రంథములు ఆ కాలముననే ఆతని చేతికి వచ్చినవి. 1928లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మనస్తత్వ శాస్త్ర విద్యార్థిగా ప్రవేశించి 1931లో డాక్టరు పట్టము పొందినాడు.

హార్వర్డ్‌లో ఆతడు స్వహస్తముతో నిర్మించిన పెట్టె పిదప లోకప్రసిద్ధమైనది. అందొక మీట, మీట నొక్కినచో ఎలుకకు ఒక తిండి గుళిక జారిపడును. నొక్కిన ప్రతిసారియు ఒక కలము తిరుగుచున్న కాగితముపై ఒక మెట్టు పైకెక్కును. ఎలుక వేగముగా నొక్కినచో గీత నిటారుగా లేచును. మానినచో గీత సమతలముగా సాగును. ఎలుక మనస్సులో ఏమున్నదో ఊహింపనక్కరలేదు. ఏ పనికి ఏ ఫలము లభించుచున్నది, ఆ ఫలమునుబట్టి పని ఎట్లు పెరుగుచున్నది, ఎట్లు తగ్గుచున్నది అన్నది కంటికి కనిపించును. ఒక పని తరువాత లభించిన ఫలము ఆ పనిని బలపరచుటకు పునర్బలనమని పేరు.

ఒకనాడు గుళికలు వదలెడి యంత్రము బిగిసికొనిపోయినది. ఎలుక నొక్కుచునే యున్నది, తిండి మాత్రము రాలేదు. స్కిన్నర్ వచ్చి కాగితమును చూచునప్పటికి గీత ఒక కొత్త ఆకారము దాల్చియున్నది. ఫలము రాకపోయిన వెంటనే నొక్కుట ఆగలేదు. కొంతసేపు ఉద్ధృతముగా సాగి, విరామములు పెరిగి, క్రమముగా సన్నగిల్లినది. ఫలము లేని పని ఇట్లు తగ్గిపోవుటకు విలుప్తి అని పేరు. అది శుక్రవారము సాయంకాలము. ఈ విశేషమును చెప్పుకొనుటకు ప్రయోగశాలలో ఎవరును లేరు. తాను మరణించినచో ఈ విషయము తనతోనే పోవునను భయముతో ఆ రెండుదినములు వీధి దాటునపుడు సైతము మిక్కిలి జాగ్రత్త వహించితినని ఆతడు పిదప చెప్పుకొన్నాడు.

రెండవ సూత్రము గుళికల కొరత వలన దొరికినది. తిండి గుళికలను ఆతడు స్వయముగా తయారుచేసికొనవలసి యుండెడిది. ఒక శనివారము నిలువ చాలదని తోచి, ప్రతి నొక్కుటకును గుళిక నిచ్చుట మాని నిమిషమున కొక్కసారి మాత్రమే ఇచ్చునట్లు ఏర్పాటు చేసినాడు. ఎలుక నొక్కుట మానునని ఎవరైనను అనుకొందురు. కాని అది మానలేదు. నిలకడగా నొక్కుచునే యుండినది. అంతేకాక, ఇట్లు అప్పుడప్పుడు మాత్రమే ఫలము పొందిన పని, పిదప ఫలము పూర్తిగా ఆగినను చాలకాలము నిలిచియుండునని తేలినది. ప్రతిసారియు లభించినదానికంటె ఎప్పుడో ఒకప్పుడు లభించినదే అలవాటును గట్టిపరచును. ఈ పరిశోధనలన్నిటిని ఆతడు 1938లో ది బిహేవియర్ ఆఫ్ ఆర్గనిజమ్స్ అను గ్రంథముగా ప్రకటించినాడు.

ఆనాటికి స్కిన్నర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడు. 1936లో ఇవాన్ బ్లూ అను విదుషిని వివాహమాడినాడు. 1938లో మొదటి కుమార్తె జూలీ జన్మించినది. రెండవ బిడ్డ మాట వచ్చినపుడు భార్య తన కష్టమును చెప్పుకొన్నది. కనుటకు తాను వెరువననియు, మొదటి రెండేండ్లు రాత్రింబవళ్ళు పడవలసిన చాకిరియే దుర్భరమనియు ఆమె భావము. భర్త ఆమె మాటను తేలికగా తీసికొనలేదు. ఆ చాకిరిలో బిడ్డకు నిజముగా మేలు చేయునది ఎంత, వట్టి ఆచారముగా వచ్చినది ఎంత అని లెక్కవేసినాడు. మిన్నెసోటాలో శీతకాలము మిక్కిలి తీవ్రము. పసిబిడ్డకు పొరలు పొరలుగా దుస్తులు తొడిగి, పైన దుప్పట్లు చుట్టుదురు. చేతులు కాళ్ళు కదలవు. చెమటకు చర్మము కందును. దుప్పటి తొలగినచో చలి, కప్పినచో ఉక్క. బిడ్డ నిదురకు దుస్తులే ఆటంకమని ఆతడు గ్రహించినాడు.

1944లో రెండవ కుమార్తె డెబోరా జన్మించినపుడు ఆతడు ఒక కొత్త తొట్టిని సిద్ధము చేసినాడు. అది గది వంటి పెట్టె. ముందుభాగమున పెద్ద అద్దపు తలుపు. క్రింద బిగించిన గుడ్డ పరుపు. దానిపై చుట్టనుండి లాగుకొనదగిన పొడవైన దుప్పటి. వడబోసిన వెచ్చని గాలి లోపల ప్రసరించును. ఉష్ణమును కావలసినట్లు అమర్చవచ్చును. బిడ్డకు గోచిగుడ్డ తప్ప వేరు దుస్తులక్కరలేదు. వెలుతురు రాకుండ తెర వేయవచ్చును. ఇంటిలోని చప్పుడు చాలవరకు లోపలికి పోదు. బిడ్డ చిరాకుపడినపుడు లోపలి వేడిని కొంచెము తగ్గించినచో ఏడ్పు మానుచున్నదని తల్లిదండ్రులు గమనించినారు. పాలకు, ఆటకు, ముద్దుముచ్చటలకు బిడ్డను బయటికి తీయుచునే యుండిరి. రెండున్నర యేండ్లు డెబోరా ఆ తొట్టిలో నిదురించినది.

1945 అక్టోబరులో లేడీస్ హోమ్ జర్నల్ అను స్త్రీల పత్రికలో స్కిన్నర్ ఈ తొట్టిని వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించినాడు. సంపాదకులు దానికి పెట్టెలో బిడ్డ అను అర్థము వచ్చు శీర్షికను తగిలించినారు. ఆ పేరే కొంప ముంచినది. ఎలుకలను పెట్టెలో పెట్టిన శాస్త్రజ్ఞుడు కన్నబిడ్డను సైతము పెట్టెలో పెట్టి ప్రయోగము చేయుచున్నాడని లోకము నమ్మినది. నిజమునకు అందు మీటయు లేదు, ప్రయోగమును లేదు. అది సౌఖ్యమైన ఊయల మాత్రమే. కొందరు తల్లిదండ్రులు అట్టి తొట్లను చేయించుకొన్నారు. కాని దానిని విరివిగా అమ్మజూచిన యత్నములు ఫలింపలేదు. డెబోరాకు మతి చలించినదనియు, తండ్రిపై వ్యాజ్యము వేసినదనియు, ఆత్మహత్య చేసికొన్నదనియు వదంతులు దశాబ్దములపాటు వ్యాపించినవి. అన్నియు అసత్యములే. ఆమె పెరిగి చిత్రకారిణియై లండన్‌లో స్థిరపడినది. 2004లో ఆ వదంతులను మరల రేపిన ఒక పుస్తకము వెలువడగా, తన బాల్యము ప్రేమతో నిండినదని ఆమెయే పత్రికాముఖమున ప్రకటించి వానిని ఖండించినది.

స్కిన్నర్ 1945లో ఇండియానా విశ్వవిద్యాలయమునకు, 1948లో మరల హార్వర్డ్‌కు వచ్చినాడు. 1953 నవంబరులో డెబోరా చదువుచున్న నాలుగవ తరగతి గణితపాఠమును చూచుటకు తండ్రులకు ఆహ్వానము వచ్చినది. ఆతడు వెనుక కూర్చుండి గమనించినాడు. లెక్క ముందే ముగించినవారు ఊరక కూర్చున్నారు. రానివారు దిక్కులు చూచుచున్నారు. తమ జవాబు సరియో కాదో ఎవరికిని ఆ క్షణమున తెలియదు. ఉపాధ్యాయుని దోషము ఇందేమియు లేదు. ఇంతమందికి ఒక్కడు వెంటవెంటనే ఫలము తెలుపజాలడు. ఇంటికి వచ్చి ఆతడు బోధనాయంత్రమును రూపొందించుటకు పూనుకొన్నాడు. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విభజించి, ప్రతి జవాబునకు తక్షణమే ఫలము తెలిపెడి పద్ధతి దాని సారము. అదే సంవత్సరము ప్రకటించిన గ్రంథమున శిక్ష నాతడు గట్టిగా విమర్శించినాడు. శిక్ష చెడ్డపనిని కొంతసేపు అణచునే కాని మంచిపనిని నేర్పదనియు, భయమును, కపటమును మాత్రము పెంచుననియు ఆతని సిద్ధాంతము.

ప్రయోగశాలలోని విలుప్తి సూత్రము పిల్లల పడకగదికి చేరిన వృత్తాంతము 1959లో వెలువడినది. సి. డి. విలియమ్స్ అను మనస్తత్వవేత్త ఒక చిన్న నివేదికను ప్రకటించినాడు. బాలుని వయస్సు సుమారు 21 నెలలు. పుట్టిన మొదటి 18 నెలలలో వాడు తీవ్రముగా జబ్బుపడినందున ఇంటివారు కంటికి రెప్పవలె కాచినారు. ఆరోగ్యము కుదుటబడినది కాని ఆ కాపలా ఆగలేదు. రాత్రి పరుండబెట్టినపుడు తల్లిదండ్రులో, పినతల్లి వరుస యామెయో వాడు నిదురపోవు వరకు అరగంట మొదలు రెండు గంటలు గదిలోనే కూర్చుండవలెను. కూర్చుండి పుస్తకము చదువుకొన్నను సహింపడు. దానిని క్రింద పెట్టువరకు ఏడ్చును. గది విడిచిన వెంటనే కేకలు. కేక వేయగానే పెద్దలు తిరిగివచ్చెదరు. ఎలుకకు గుళిక ఎట్లో, కేకకు పెద్దల రాక అట్లయినది.

బాలునికి వేరే అనారోగ్యమేదియు లేదని వైద్యులు తేల్చిన పిదప చికిత్స ఆరంభించినారు. బాలుని తొందరపెట్టక ప్రేమతో పరుండబెట్టి, ముద్దుమాటలు చెప్పి, తలుపు మూసి వెలుపలికి వచ్చుట; మరల లోపలికి పోకుండుట. మొదటి రాత్రి వాడు 45 నిమిషములు ఏడ్చినాడు. పదవ పర్యాయమునకు ఏడ్పు పూర్తిగా పోయినది. పెద్దలు గది విడుచునపుడు నవ్వుచుండెడివాడు. ఒక వారము గడిచినది. ఒకనాడు పినతల్లి పరుండబెట్టి వెళ్ళబోవగా బాలుడు కేక వేసినాడు. ఆమె మనస్సు కరగి తిరిగివచ్చినది. ఆ ఒక్క రాకతో పాత ఏడ్పంతయు మరల లేచినది. చికిత్సను మొదటినుండి మరల చేయవలసివచ్చినది. ఈసారి నయమైన పిదప రెండేండ్ల వరకు ఆ బాధ తిరిగి రాలేదు. బాలుడు స్నేహశీలుడుగా, చలాకీగా పెరుగుచున్నాడని నివేదిక ముగిసినది.

ఆ పినతల్లి చేసినది నేరము కాదు. ప్రతి గృహమునను జరిగెడిదే. తల్లి పదినిమిషములు ఓర్చుకొనును, ఇరువది నిమిషములు ఓర్చుకొనును, ఇక సహింపలేక ఎత్తుకొనును. ఇందువలన బిడ్డ నేర్చుకొనునది ఇరువదియొక నిమిషము ఏడ్వవలెనని. గుళికల కొరతనాడు స్కిన్నర్ చూచిన గీతయే ఇక్కడను కనిపించును. ఒకనాడు లొంగి మరొకనాడు లొంగకుండుట ఏడ్పును తగ్గింపదు సరికదా బలపరచును. విలుప్తి మొదలైనపుడు ఏడ్పు ముందు పెరుగును. ఆ సమయముననే చాలమంది వెనుదీయుదురు. ఈ రెండు సంగతులు తెలియని తల్లి తన ఓటమికి తన్నుతాను నిందించుకొనును. తెలిసిన తల్లి ముందే నిశ్చయించుకొని, తాను భరింపగల పద్ధతినే ఎన్నుకొనును.

భరింపగల పద్ధతి యను మాట చిన్నది కాదు. బిడ్డను ఒంటిగా ఏడ్వనిచ్చుట క్రౌర్యమని అనేకులు అభ్యంతరము చెప్పినారు. ఆ అభ్యంతరము శాస్త్రమునకు మేలే చేసినది. 1968లో ప్రవర్తనా విశ్లేషణమును నిత్యజీవితమునకు అన్వయించెడి పరిశోధనలకు ప్రత్యేక పత్రిక వెలసినది. క్రమముగా మృదువైన మార్గములు ఏర్పడినవి. తల్లి కొద్దికొద్ది నిమిషముల వ్యవధితో వచ్చి పలుకరించి పోవుట ఒకటి. బిడ్డకు నిజముగా నిదురవచ్చు వేళకే మొదట పరుండబెట్టి, త్వరగా నిదురపట్టుట అలవాటైన పిదప ఆ వేళను కొంచెముగా ముందునకు జరుపుట మరియొకటి. పెద్దపిల్లలకు రాత్రి ఒకమారు మాత్రమే గది వెలుపలికి వచ్చుటకు అనుమతిచీటి నిచ్చు పద్ధతి 1999లో ప్రచురితమైనది. చీటి చేతనున్న పిల్లవాడు దానిని దాచుకొనుటకే ఇష్టపడి తరచు పక్కపైననే యుండును. వెలుతురు, పగటినిదుర, పరుండెడి వేళ, నిదురపట్టు క్షణమున ప్రక్కనున్న వస్తువు లేదా మనిషి, ఇవన్నియు లెక్కలోనికి వచ్చినవి. ఉయ్యాల ఊగునపుడే నిదురించుట నేర్చిన బిడ్డ నడిరేయి మెలకువ వచ్చినపుడు ఆ ఊపునే కోరును. తల్లి ప్రక్కనే బిడ్డ పరుండెడి తెలుగిండ్లలో సైతము ఈ న్యాయమే వర్తించును. బిడ్డ ఎక్కడ పరుండవలెనని ఈ శాస్త్రము శాసింపదు. పరుండిన చోట నిదుర దేనితో ముడిపడియున్నదో చూడుమని మాత్రము చెప్పును.

2006లో అమెరికా నిద్రావైద్యుల సంఘము పక్షమున నిపుణులు అప్పటివరకు వెలువడిన 52 పరిశోధనలను సమీక్షించినారు. వానిలో నూటికి 94 ఈ పద్ధతులు ఫలించినట్లు చూపినవి. చికిత్స పొందిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా గుణము కనిపించినది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు శైశవమున మృదుపద్ధతులతో చికిత్స పొందిన పిల్లలను ఆరేండ్ల వయస్సున మరల పరీక్షించినారు. వారి మనస్సునకుగాని, తల్లితోడి అనుబంధమునకుగాని కీడు కలుగలేదు. అట్లే శాశ్వతమైన అదనపు లాభమును కనిపింపలేదు. కొన్ని నెలల ప్రశాంతియే దాని ఫలము. ఆ నెలలలో తల్లి ఆరోగ్యమెంత విలువైనదో తల్లులకు తెలియును. ఆకలి, నొప్పి, జ్వరము, ఊపిరాడకపోవుట వంటి కారణములను ముందుగా వైద్యునిచే పరీక్షింపజేయవలెననియు, తొలి నెలల పసికందులకు ఏడ్వనిచ్చెడి పద్ధతి తగదనియు నిపుణులు హెచ్చరింతురు.

స్కిన్నర్ పేరు మాత్రము వివాదములతోనే ముడిపడి నిలిచినది. 1948లో వాల్డెన్ టూ అను నవలలో శాస్త్రబద్ధముగా నడచెడి ఒక ఆదర్శగ్రామమును చిత్రించినాడు. 1971లో బియాండ్ ఫ్రీడమ్ అండ్ డిగ్నిటీ అను గ్రంథమున మానవుని స్వేచ్ఛను గూర్చి ప్రశ్నలు లేవనెత్తినాడు. మనుష్యుని యంత్రముగా చూచుచున్నాడని విద్వాంసులు ఆతని నెదిరించినారు. వారి ఆక్షేపణలలో కొన్ని బలమైనవే. ఆలోచనలను, భాషను ఆతని సూత్రములు పూర్తిగా వివరింపజాలవని నేటి శాస్త్రజ్ఞులలో అనేకుల అభిప్రాయము. ఐనను ఇతరులపై ప్రయోగించిన సూత్రములను ఆతడు తనపై ప్రయోగించుకొనకుండ విడువలేదు. వృద్ధాప్యమున పడకకు, లేచుటకు గంటలు నియమించుకొని, నడిరేయి గంట మ్రోగగనే లేచి ఒక గంట వ్రాసికొని, మరల నిదురించెడివాడు. ఇంటి క్రిందిభాగమున వ్రాతబల్లకు సమీపముననే ఒక చిన్న గూడు వంటి పడక నమర్చుకొన్నాడు. కుమార్తెకు చేసిన తొట్టిని తలపించెడి ఆ గూటిలోనే నిదురించెడివాడు.

1989లో ఆతనికి రక్తసంబంధమైన క్యాన్సరు ఉన్నట్లు తెలిసినది. 1990 ఆగస్టు 10వ తేదీన బోస్టన్ నగరమున అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘము ఆతని జీవితకాల సేవకు సన్మానము చేసినది. కాగితము చేత పట్టకయే సభలో ప్రసంగించినాడు. ఎనిమిది దినములకు, ఆగస్టు 18వ తేదీన, 86వ యేట కన్నుమూసినాడు. చివరి వ్యాసమును ముగించినది అంతకు ముందునాటి సాయంకాలము.

లోకము ఆతనిని పెట్టెల శాస్త్రజ్ఞుడుగా జ్ఞాపకముంచుకొన్నది. తరగతిలో అల్లరిచేయు బాలుని చూచి వాడు పుట్టుకతో చెడ్డవాడనక, వాని అల్లరికి ఇక్కడ ఏ ఫలము దొరకుచున్నదో ఆలోచించెడి ఉపాధ్యాయుడు ఆతని శిష్యుడే. నడిరేయి ఏడ్చు బిడ్డను కొట్టక, తన్నుతాను నిందించుకొనక, వారముదినముల పాటు గడియారము చూచి కాగితముపై గుర్తులు వ్రాసికొనెడి తల్లియు ఆతని శిష్యురాలే. ఆమె ఆతని పేరు వినియుండకపోవచ్చును. బిడ్డ హాయిగా నిదురించినచో ఆ పేరు తెలియకున్నను కొరత లేదు.